బూడిదవన్నె మనిషి: ఆచార్య నార్మన్ కోలీ జీవితం

బ్రిటను దీవి అడవులలో కోతిజాతి మృగమేదీ సహజంగా నివసించదు. ఎలుగుబంట్లు సైతం అక్కడ నశించి వేయి సంవత్సరాలకు పైబడినది. అయినను, ఒడలెల్ల రోమాలు కలిగి మనుష్యునివలె రెండు కాళ్ళపై నడిచే వానరాకారాన్ని కన్నులార చూచితిమని చెప్పేవారికి ఆ దేశంలో ఏనాడూ కొదువ లేదు. 1879 జనవరిలో ష్రాప్‌షయర్ సరిహద్దున, కాలువ వంతెన ఒకదానివద్ద, రాత్రివేళ బండి తోలుకొని పోతున్న ఒక కూలివాని గుఱ్ఱంమీదికి పొదలలోనుండి నల్లని ఆకారమొకటి దూకినదట. కొరడాతో కొట్టగా కొరడా దాని దేహంలోనుండి దూసుకొని పోయినదట. ఈ కథను షార్లట్ బర్న్ అనే విదుషీమణి 1883లో ఆ ప్రాంతపు జానపద గాథలతోపాటు గ్రంథస్థం చేసినారు. స్టాఫర్డ్‌షయర్‌లోని కానక్ చేజ్ అడవిని గురించి ఇటీవలి దశాబ్దాలలోనూ ఇట్టి కథలే పుట్టినవి.

ఇటువంటివి మనకు కొత్త కావు. మన పల్లెలలో పొలాల గట్లవెంట కొరివిదయ్యాలు నడిచిన కథలు వినని బాలుడుండడు. పెద్దలు విని నవ్వి ఊరుకొంటారు. కాని స్కాట్లండులోని బెన్ మెక్‌డూయీ శిఖరాన్ని గురించిన కథను నవ్వి త్రోసివేయడం అంత సులభం కాలేదు. ఏలయన, దానిని చెప్పినవారు చీకటిలో బండి తోలే కూలివాడు కాదు. లండను విశ్వవిద్యాలయ కళాశాలలో రసాయనశాస్త్రాచార్యులు, రాయల్ సొసైటీ సభ్యులు, నాటి పర్వతారోహకులలో అగ్రగణ్యులు. ఆయన పేరు జాన్ నార్మన్ కోలీ.

కోలీ 1859 సెప్టెంబరు 10వ తేదీన చెషైర్ మండలంలోని ఆల్డర్లీ ఎడ్జ్ గ్రామంలో జన్మించినారు. బాల్యం కొంతవరకు స్కాట్లండులో అబర్డీను సమీపాన, డీ నదీతీరంలో గడచినది. కెయిర్న్‌గోర్మ్ పర్వతాలు ఆ ప్రాంతానికి పడమట ఉన్నవి. పత్తి వ్యాపారంలో సంపాదించిన కుటుంబపు సిరి కరిగిపోగా, తన జీవనం తాను చూచుకోవలసిన అవసరం ఆయనకు చిన్ననాడే కలిగినది. బ్రిస్టలులో రసాయనశాస్త్రం అభ్యసించి, బెల్‌ఫాస్టులో కొంతకాలం పనిచేసి, జర్మనీలోని వుర్జ్‌బుర్గ్ విశ్వవిద్యాలయంనుండి 1884లో డాక్టరు పట్టం పొందినారు. పిమ్మట చెల్టెన్‌హామ్‌లోని బాలికల కళాశాలలో విజ్ఞానశాస్త్రం బోధించినారు. 1887లో విలియం రామ్సే పిలుపుపై లండను చేరినారు. వాయుమండలంలోని జడవాయువులను కనుగొని 1904లో నోబెల్ బహుమానం పొందిన రామ్సే ఈయనయే.

కోలీ చేతిపనిలో గొప్ప నేర్పరి. గాజును కరగించి ఊది ప్రయోగశాలకు కావలసిన నాళాలను తానే తయారు చేసుకొనేవారు. 1896లో, రాంట్‌జెన్ కిరణాలు లోకానికి వెల్లడియైన కొద్దినెలలలోనే, ఒక స్త్రీ చేతిలో విరిగిన సూది ఎక్కడ ఉన్నదో ఆ కిరణాలతో ఛాయాచిత్రం తీసి వైద్యులకు చూపినారు. శస్త్రచికిత్సకు ఆ కిరణాలను వినియోగించిన తొలి ఉదాహరణలలో దానిని ఒకటిగా చెప్పుకొంటారు. నియాన్ వాయువును గాజునాళంలో నింపి విద్యుత్తుతో వెలిగించే ప్రయోగాలలోను ఆయన ముందున్నారు. 1899లో టికిల్ అనే సహాధ్యయనునితో కలిసి మరొక సాహసం చేసినారు. ఆమ్లజని పరమాణువు రెండు బంధాలనే ఏర్పరచగలదని పాఠ్యగ్రంథాలు చెప్పుచుండగా, కొన్ని లవణాలలో అది అంతకు మించిన బంధాలతో ఉన్నదని వాదించినారు. నేడు ఆక్సోనియం లవణాలను గూర్చి చదివే విద్యార్థి ఆ వాదనకు ఋణపడి ఉన్నాడు. కంటికి కనపడని దానిని గుణాలనుబట్టి ఊహించడం, ఊహించినదానిని కొలిచి చూపడం రసాయనవేత్త వృత్తి. కోలీ కొండలలోనూ ఆ వృత్తినే నడిపినారు.

1886లో చేపలు పట్టే వినోదంకోసం స్కై దీవికి పోయినప్పుడు, కూలిన్ శిలాపర్వతాలపై ఎక్కుచున్న ఇరువురిని దూరంనుండి చూచి ఆయన మనస్సు అటు మళ్ళినది. అక్కడనే జాన్ మెకంజీ అనే స్థానిక మార్గదర్శి పరిచయమైనాడు. ఒకరు లండను ఆచార్యుడు, ఒకరు దీవిలో పుట్టి పెరిగిన కొండమనిషి. ఆ స్నేహం సుమారు అర్ధ శతాబ్దం, మెకంజీ 1933లో మరణించేవరకు, చెక్కు చెదరలేదు.

1899లో ఒకనాడు కోలీ ఆ కూలిన్ పర్వతాలలోని ఒక పెద్ద కొండగోడను ఎదుటినుండి చూచుచున్నారు. వాలుటెండలో గోడపై ఒక చిత్రమైన నీడ పడియున్నది. ఆ నీడ పడవలెనన్న, గోడనుండి ముందుకు పొడుచుకొని వచ్చిన గొప్ప శిల ఒకటి ఉండి తీరవలెను. అంతకుముందు ఎవరూ దానిని గుర్తించలేదు. క్రిందినుండి చూచినవారికి అది గోడలో కలిసిపోయి కనబడేది. ఏడేండ్ల తరువాత, 1906లో, మెకంజీతో కూడి ఆ శిలపైకి ఎక్కి నిలిచినారు. నేడు దానిని కియోఖ్ అని పిలుస్తారు. నీడను చూచి వస్తువును తెలిసికొన్న ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

మన ఉపఖండంతోనూ ఆయనకు సంబంధం కలదు. 1895లో మమ్మరీ, హేస్టింగ్స్ అనే మిత్రులతో కలిసి 8,126 మీటర్ల నంగా పర్వతాన్ని ఎక్కుటకు వచ్చినారు. ఎనిమిదివేల మీటర్లు దాటిన శిఖరంపై మానవుడు చేసిన తొలి ప్రయత్నం అదియే. ఆగస్టు 24న మమ్మరీ, రఘోబీర్ థాపా, గోమన్ సింగ్ అనే ఇరువురు గూర్ఖా సైనికులతో ఒక ఎత్తైన కనుమను దాటి ఆవలి లోయలోనికి వస్తానని బయలుదేరినాడు. కోలీ, హేస్టింగ్స్ సామానులతో చుట్టుదారిన పోయి ఎదురుచూచినారు. ఆ మువ్వురూ రాలేదు. వెదకబోతే హిమపాతాలు దొర్లుతున్న తెల్లని లోయ మాత్రమే మిగిలినది. మంచులో మనుష్యుడు ఆనవాలు లేకుండ పోవడం ఎట్టిదో కోలీ ఆనాడు చూచినారు.

పిమ్మట ఆయన దృష్టి కెనడా దేశపు రాకీ పర్వతాలపై పడినది. ఆ దేశపు పటాలలో హుకర్, బ్రౌన్ అనే రెండు మహాశిఖరాలు డెబ్బదేండ్లుగా వెలుగుచుండెను. 1827లో అటు పోయిన డేవిడ్ డగ్లస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వాటి ఎత్తు పదునారువేల అడుగులకు పైమాటే అని వ్రాసినందున, ఉత్తర అమెరికాలో మహోన్నత శిఖరాలలో వాటిని లెక్కించేవారు. 1893లో కోల్మన్ అనే కెనడా ఆచార్యుడు బ్రౌన్ శిఖరమెక్కి, అది తొమ్మిదివేల అడుగుల కొండ మాత్రమే అన్నాడు. మరి ఆ రాక్షస శిఖరాలు ఎక్కడ? కోలీ 1897లోను, మరుసటి ఏటను ఆ ప్రాంతంలో వెదకినారు. 1898లో హెర్మన్ వూలీ అనే మిత్రునితో అథబాస్కా పర్వతమెక్కి, పైనుండి అంతవరకు ఎవరూ ఎరుగని కొలంబియా మహాహిమక్షేత్రాన్ని చూచినారు. హుకర్, బ్రౌన్ మాత్రం దొరకలేదు. తిరిగివచ్చి పాత వ్రాతలను తిరగవేయగా, డగ్లస్ ఆ కొండను ఒక్క మధ్యాహ్నంలో ఎక్కి దిగినట్లు అతని దినచర్యలోనే ఉన్నది. పదునారువేల అడుగుల మంచుకొండను ఒంటరివాడు ఒక్క పూటలో ఎక్కడం అసంభవం. రాక్షస శిఖరాలు ఆ విధంగా కాగితంమీదనే కూలిపోయినవి.

ఒక అతిశయోక్తిని ఇంత ఓపికతో తెగటార్చినవారే మరొక మహాకాయుని కథకు మూలపురుషులు కావడం వింతయే. 1925లో అబర్డీనులో జరిగిన కెయిర్న్‌గోర్మ్ క్లబ్బు వార్షిక సమావేశంలో, అరువదియైదు దాటిన కోలీ లేచి, తన జీవితంలోని ఒక పాత సంగతిని చెప్పినారు. సంగతి జరిగినది 1891లో. ముప్పదినాలుగు సంవత్సరాలుగా దానిని ఆయన బహిరంగసభలో ఎత్తలేదు.

ఆనాడు ఆయన ఒంటరిగా బెన్ మెక్‌డూయీ ఎక్కినారు. అది 1,309 మీటర్ల ఎత్తుతో బ్రిటను దీవిలో రెండవ మహోన్నత శిఖరం. పైభాగం వృక్షరేఖకు మీద, రాళ్ళు పరచిన విశాలమైన పీఠభూమి. మంచుతెర దిగినదంటే చేయి చాచిన దూరం తోచదు. శిఖరంమీది రాళ్ళగుట్టను విడిచి పొగమంచులో దిగివచ్చుచుండగా, తన అడుగుల చప్పుడు కాక మరొక చప్పుడు వెనుకనుండి వినబడినది. తాను కొన్ని అడుగులు వేయగా అది ఒక్కసారి కరకరమనును. మరల కొన్ని అడుగులకు మరొకసారి. ఎవరో తనకంటె మూడు నాలుగు రెట్లు పొడవైన అంగలతో వెంట నడచుచున్నట్లున్నది. ఇదంతా భ్రమ అని మనస్సుకు చెప్పుకొన్నారు. నిలిచి చూచినారు, మంచులో ఏమియు కానరాలేదు. నడచినారు, చప్పుడు మరల వచ్చినది. అంతట ఆయనను భయం ఆవహించినది. బండరాళ్ళపై తూలుచు, పడుచు, నాలుగైదు మైళ్ళు పరుగెత్తి రాథీమర్కస్ దేవదారు అడవి దాపునకు వచ్చేవరకు ఆగలేదు. ఆ శిఖరంమీదికి ఒంటరిగా ఇక ఎన్నడూ పోనని ఆయన సభలో స్పష్టంగా చెప్పినారు. అక్కడ ఏదో ఉన్నదని తనకు తోచినదని మాత్రమే అన్నారు. అది ఏదో చెప్పలేదు.

ఆయన చెప్పినది ఇంతే. ఇందులో రోమాలు లేవు, వానరం లేదు, ఎర్రని కన్నులు లేవు. చూచినట్లు ఒక్క మాట లేదు. విన్నవారే తక్కినదంతా తెచ్చి చేర్చినారు. పత్రికలకు ఉత్తరాలు వచ్చినవి. హిమాలయారోహకుడు, రసాయనవేత్త, కోలీ పనిచేసిన ప్రయోగశాలలోనే పనిచేసిన అలెగ్జాండర్ కెల్లాస్ కూడ తన సోదరునితో ఆ కొండమీద ఒక మహాకారాన్ని చూచి పరుగెత్తినాడని ఒక వార్త బయలుదేరినది. పాపం, కెల్లాస్ 1921లోనే ఎవరెస్టు దారిలో మరణించినందున అడిగి తెలిసికొనే అవకాశం లేదు. 1943లో అదే పర్వతంమీద ఒక ఆరోహకుడు మంచులో తనవైపు వచ్చిన ఆకారంపై పిస్తోలు మూడుసార్లు పేల్చినానని తరువాత వ్రాసినాడు. స్కాట్లండు గేలిక్ భాషలో పెద్ద బూడిదవన్నె మనిషి అనే పేరు ఆ ఆకారానికి స్థిరపడినది. అఫ్లెక్ గ్రే అనే రచయిత 1970లో దీనిపై ఒక గ్రంథమే ప్రకటించినాడు.

వానరరూపం ఎట్లు అతికినదో ఊహించుట కష్టం కాదు. 1921లో, కోలీ ఆల్పైన్ క్లబ్బు అధ్యక్షులుగా ఉన్న కాలంలోనే, ఎవరెస్టును పరిశీలించబోయిన హోవర్డ్‌బరీ మంచులో పెద్ద పాదముద్రలను చూచినాడు. అవి తోడేలు జాడలై ఉండునని అతని అభిప్రాయం. కూలీలు చెప్పిన పేరును కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికకు వ్రాసే న్యూమన్ ఘోరహిమమానవుడనే అర్థంలో ఆంగ్లీకరించగా, ఆ పేరు ప్రపంచమంతట ప్రాకినది. 1951లో షిప్టన్ తీసిన పాదముద్ర ఛాయాచిత్రం దానికి మరింత బలమిచ్చినది. హిమాలయాలలో రోమశుడైన మనిషి ఉన్నప్పుడు స్కాట్లండులో మాత్రం ఎందుకుండరాదని కథకులు ఊహించినారు. ఇంతకు ఆ హిమమానవునివని భద్రపరచిన ఎముకలు, వెండ్రుకలు మొదలైన తొమ్మిది నమూనాలను 2017లో జన్యుపరీక్ష చేయగా, ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది అని తేలినది. బెన్ మెక్‌డూయీపై పరీక్షించుటకు ఒక్క ఎముకయైన లేదు. ఒక మృగజాతి తరతరాలుగా బ్రదుకవలెనన్న పిల్లలు, ఆహారం, కళేబరాలు ఉండవలెను గదా.

కొండలపై కనబడే మహాకారాలకు మాత్రం భౌతికశాస్త్రంలో సమాధానం కలదు. సూర్యుడు వెనుకను, పొగమంచు ముందును ఉన్నప్పుడు మనుష్యుని నీడ మంచుతెరపై మహాకాయమై పడును. తలచుట్టు రంగుల వలయం ఏర్పడును. జర్మనీలోని బ్రోకెన్ శిఖరంపేర దీనిని బ్రోకెన్ ఛాయ అంటారు. కవి జేమ్స్ హాగ్ గొఱ్ఱెలు కాచుకొనే రోజులలో ఇట్టి ఆకారాన్ని చూచి జడిసి, మరునాడు మరల పోయి, టోపీ తీసి చూడగా అదికూడ టోపీ తీసినదట. రజ్జుసర్పభ్రాంతికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు. కాని కోలీ చూడలేదు, విన్నారు. అడుగుక్రింద అణగిన గడ్డమంచు కొంతసేపటికి విరిగి చప్పుడు చేయునని, రాళ్ళు చలికి కదలునని, ఒంటరివాని చెవి తన అడుగుల ప్రతిధ్వనినే పరుని అడుగులుగా గ్రహించునని పలువురు పలువిధాల చెప్పినారు. కోలీ హాస్యప్రియులు గనుక ఇదంతా వినోదానికి అల్లినదే అన్నవారూ ఉన్నారు. నాకు మాత్రం అది నమ్మదగినట్లు తోచదు. వినోదానికి అల్లేవాడు రాక్షసుని చూపించును. తాను భయపడి పారిపోయినానని నిండుసభలో చెప్పుకొనడు. కియోఖ్ నీడను వెంబడించి ఏడేండ్లకు శిలను పట్టుకొన్న మనిషి ఈ చప్పుడును వెంబడించలేదు. కారణం తెలియదని ఒప్పుకొన్నారు, కల్పించి చెప్పలేదు. విజ్ఞానశాస్త్రం బోధించేవారు తరగతిలో నీడ కథతోపాటు ఈ కథను కూడ చెప్పవచ్చునని నా మతం.

కోలీ 1902నుండి 1928వరకు లండను విశ్వవిద్యాలయ కళాశాలలో సేంద్రియ రసాయనాచార్యులుగా ఉండి విశ్రాంతి గైకొన్నారు. వివాహం చేసికొనలేదు. చైనా, జపాను దేశాల కళావస్తువులను ప్రీతితో సేకరించినారు. చివరి సంవత్సరాలను స్కై దీవిలోని స్లిగహన్ సత్రంలో గడపినారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో సెలవుపై అక్కడికి వచ్చిన రిచర్డ్ హిల్లరీ అనే యువ వైమానికుడు, భోజనశాలలో కిటికీకి ఆనించిన బల్లవద్ద మాటాడక ఒంటరిగా కూర్చుండే తెల్లజుట్టు వృద్ధుని చూచి, 1942లో వెలువడిన తన గ్రంథంలో ఆయన పేరు చెప్పకయే ప్రస్తావించినాడు. ఆ ఏడే నవంబరు 1న కోలీ స్లిగహన్‌లో కన్నుమూసినారు. స్ట్రుఆన్ గ్రామపు శ్మశానంలో, మెకంజీ సమాధి ప్రక్కను, ఆయనను పూడ్చినారు. 2020లో స్లిగహన్ వంతెన సమీపాన ఆ ఇరువురి కంచువిగ్రహాలు నెలకొల్పబడినవి. మెకంజీ నిలుచుండగా, కోలీ బండపై కూర్చుండి కూలిన్ కొండలవైపు చూచుచున్నారు.