పత్రికా స్వేచ్ఛకు బాట వేసిన హైదరాబాదు రెసిడెంటు సర్ చార్లెస్ మెట్కాఫ్

భారతదేశంలో పత్రికలకు లైసెన్సు నిర్బంధాల నుండి విముక్తి కలిగించిన పాలకుడిగా సర్ చార్లెస్ మెట్కాఫ్ చరిత్ర ప్రసిద్ధులు. డోర్నకల్ సహా తెలంగాణ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉన్న రోజులలో, 1820 నుండి 1825 వరకు ఆయన హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేశారు.

1785 జనవరి 30న కలకత్తాలో జన్మించిన మెట్కాఫ్ తండ్రి ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు, బారోనెట్ బిరుదాంకితులు. ఈటన్‌లో విద్యాభ్యాసం ముగించి 1801లో కంపెనీ కొలువులో చేరిన మెట్కాఫ్, 1809లో మహారాజా రంజిత్ సింగ్‌తో అమృత్‌సర్ సంధి కుదిర్చారు. అప్పటికి ఆయన వయస్సు 24 సంవత్సరాలే. 1811లో ఢిల్లీ రెసిడెంటుగా నియమితులయ్యారు.

హైదరాబాదుకు వచ్చేనాటికి నిజాం ఖజానా విలియం పామర్ కంపెనీ అప్పులలో కూరుకుపోయి ఉంది. చందూలాల్ పాలనా వ్యవహారాలు నడుపుతుండగా, అధిక వడ్డీల భారం అంతిమంగా రైతులపై పడుతున్నది. 1820లో మంజూరైన రూ.60 లక్షల రుణంలో అధిక భాగం పాత బాకీల సర్దుబాటేనని మెట్కాఫ్ గుర్తించి పై అధికారులకు నివేదించారు. ఆ సంస్థ భాగస్వాములలో ఒకరు గవర్నర్ జనరల్ హేస్టింగ్స్‌కు ఆప్తులు. తనను ఆదరించిన హేస్టింగ్స్ ఆగ్రహించినప్పటికీ మెట్కాఫ్ వెనుకకు తగ్గలేదు. చివరకు ఉత్తర సర్కారుల నిమిత్తం కంపెనీ నిజాంకు ఏటా చెల్లించే రూ.7 లక్షల పేష్కష్‌ను 1823లో శాశ్వతంగా రద్దుపరచి, బదులుగా ఇచ్చిన సుమారు రూ.1.16 కోట్లతో ఆ రుణం తీర్చారు. శిస్తు నిర్ణయాల పర్యవేక్షణకు ఆయన ఆంగ్లేయ అధికారులను నియమించారు. దీనివల్ల సంస్థానంలో బ్రిటిష్ జోక్యం కూడా పెరిగింది. 1829లో కొత్త నిజాం నాసిరుద్దౌలా కోరికపై ఆ అధికారులను ఉపసంహరించారు.

1835లో తాత్కాలిక గవర్నర్ జనరల్‌గా బాధ్యతలు స్వీకరించిన మెట్కాఫ్, మెకాలే రూపొందించిన 11వ చట్టం ద్వారా పత్రికల లైసెన్సు విధానాన్ని తొలగించారు. సెప్టెంబరు 15 నుండి ఈ చట్టం అమలులోకి వచ్చింది. ఈ నిర్ణయం లండనులోని కంపెనీ డైరెక్టర్లకు రుచించలేదు. అనంతరం మద్రాసు గవర్నరు పదవి తనకు దక్కకపోవడంతో ఆయన కంపెనీ కొలువుకు రాజీనామా చేశారు.

తదుపరి జమైకా గవర్నరుగా, 1843 నుండి 1845 వరకు కెనడా గవర్నర్ జనరల్‌గా సేవలందించారు. 1845లో బారన్ హోదా పొందిన మెట్కాఫ్, చెంప కాన్సర్‌తో బాధపడుతూ 1846 సెప్టెంబరు 5న ఇంగ్లండులో మరణించారు. పత్రికా స్వేచ్ఛకు ఆయన చేసిన సేవకు గుర్తుగా కలకత్తా పౌరుల విరాళాలతో నిర్మితమైన మెట్కాఫ్ హాలు నేటికీ ఆ నగరంలో నిలిచి ఉంది.