మామయ్యకు తెలియని పిచ్చుక

ఆర్.కె. పురం ఫ్లైఓవర్ మీదుగానో, ట్యాంక్‌బండ్ మీదుగానో స్కూలు బస్సులో వచ్చే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఈ ప్రశ్న మీకు ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే ఉంటుంది. నీళ్లలో ముక్కు మీద తెల్ల నామం పెట్టుకుని ఈదే ఆ నల్ల పక్షి ఏమిటి? మనలో చాలామందికి తెలియదు. బాతు అనేసి, హోంవర్క్ అయిందా అని అడుగుతాం. అది నామాల కోడి. పేరులోనే జవాబు ఉంది కానీ, ఆ పేరు మన నాలుక మీద నుంచి జారిపోయి చాలా కాలమైంది.

నూరేళ్లకు పైబడిన క్రితం బొంబాయిలో ఒక మామయ్యకూ ఇలాంటి చిక్కే వచ్చింది. ఆయన పేరు అమీరుద్దీన్ త్యాబ్జీ. తల్లీ తండ్రీ లేని మేనల్లుళ్లను, మేనకోడళ్లను తన ఇంట్లో పెట్టుకుని భార్య హమీదా బేగంతో కలిసి పెంచుతున్నారు. వాళ్లలో అందరికన్నా చిన్నవాడు సలీం. 1896 నవంబరు 12న పుట్టాడు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ల వయసులో తల్లి పోయారు. మామయ్య వేటగాడు. పదేళ్ల మేనల్లుడికి బొమ్మలాంటి ఎయిర్‌గన్ కొనిచ్చారు. పిల్లవాడు దాంతో పిచ్చుకలను కొట్టేవాడు. పక్షుల కోసం జీవితం ధారపోసిన మనిషి కథ పక్షులను చంపడంతో మొదలైంది. మన పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఈ ముక్క దాచనక్కర్లేదు.

ఒకరోజు కొట్టిన పిచ్చుక మామూలు పిచ్చుకలా లేదు. మెడ కింద పసుపు మరక ఉంది. తినవచ్చో లేదో అన్న అనుమానంతో సలీం దాన్ని మామయ్య దగ్గరికి తెచ్చాడు. మామయ్యకు తెలియలేదు. ఇక్కడ ఆయన చేసిన పని చూడండి. తోచిన పేరు చెప్పి పంపలేదు, విసుక్కోలేదు. తాను సభ్యుడిగా ఉన్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి ఒక పరిచయ లేఖ రాసి, పిచ్చుకను పిల్లవాడి చేతికే ఇచ్చి పంపించారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు దొర గదిలోకి ఒక్కడే వెళ్లాలంటే ఆ వయసు పిల్లవాడికి కాళ్లు వణికి ఉంటాయి. కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ పక్షిని గుర్తుపట్టి, ఒక్కొక్క సొరుగూ తెరిచి వాళ్లు భద్రపరిచిన పక్షులను ఓపిగ్గా చూపించారు. చదువుకోమని పుస్తకాలిచ్చారు. తర్వాత పక్షి చర్మాన్ని పాడవకుండా భద్రపరచడమూ అక్కడే నేర్పించారు. ఇద్దరు పెద్దవాళ్లు ఒక పిల్లవాడి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకపోవడం వల్ల మన దేశానికి సలీం అలీ దొరికారు.

మార్కుల సంగతి కూడా చెప్పుకోవాలి. మన ఇళ్లలో అది లేకుండా ఏ కథా నడవదు కదా. సలీం చదువులో ఎప్పుడూ ముందు లేడు. తరచూ వచ్చే తలనొప్పులతో కొంతకాలం బడి మానేశాడు. 1913లో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. కాలేజీలో మొదటి ఏడాదే లెక్కలకు భయపడి చదువు వదిలేసి, కుటుంబ వ్యాపారం చూసుకునేందుకు బర్మా వెళ్లాడు. వ్యాపారం కన్నా చుట్టూ ఉన్న అడవే ఎక్కువ పట్టింది. 1917లో తిరిగొచ్చి ఒకవైపు కామర్స్, మరోవైపు జంతుశాస్త్రం చదివాడు. 1918లో తెహ్మీనాతో పెళ్లయింది. యూనివర్సిటీ డిగ్రీ లేదని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగం రాలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరి, రెండేళ్లకు సెలవు పెట్టి బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే పెద్ద పక్షి శాస్త్రవేత్త దగ్గర శిక్షణకు వెళ్లాడు. 1930లో తిరిగొచ్చేసరికి డబ్బు లేదని ఆ పోస్టే ఎత్తేశారు.

ముప్ఫై మూడేళ్ల మనిషి. భార్య ఉంది, ఉద్యోగం లేదు. బొంబాయికి అవతల సముద్రం ఒడ్డున కిహిమ్ అనే ఊళ్లో సొంతవాళ్ల ఇంట్లో కాపురం పెట్టారు. ఇంటి దగ్గర చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. సలీం అలీ నిచ్చెన వేసుకుని, గుడ్డతో చాటు కట్టుకుని గంటల తరబడి వాటినే చూశారు. మన పల్లెల్లో బావుల మీదికి వంగిన ఈత చెట్లకు, తాటిచెట్లకు వేలాడే గిజిగాడి గూడు ఎవరికి తెలియదు? అయినా ఆ గూటి వెనుక నడిచే సంసారం గురించి అంతవరకు ఎవరూ సరిగా రాయలేదు. మగ పక్షి గూడు సగం కట్టి ఆపుతుంది. ఆడ పక్షులు వచ్చి చూస్తాయి. ఒకటి నచ్చి కుదురుకుంటేనే మగది మిగతా సగం పూర్తి చేస్తుంది. ఆమె గుడ్లు పెట్టి కూర్చోగానే ఇది పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకొకరిని పిలుస్తుంది. ఎవరికీ నచ్చని గూళ్లు సగంలోనే వేలాడుతూ ఉంటాయి. ఈసారి అలాంటి సగం గూడు కనిపిస్తే పిల్లలకు చూపించండి, బాగా నవ్వుకుంటారు.

ఆ నిరుద్యోగ కాలంలోనే ఆయన మన దగ్గరికి వచ్చారు. సంస్థానాలకు ఆయన చెప్పింది సులువైన బేరం. నాకు జీతం వద్దు, గుడారాల ఖర్చు, తిరుగుడు ఖర్చు పెట్టుకోండి, మీ రాజ్యంలో ఏ పక్షులున్నాయో చూసి రాసిస్తాను. హైదరాబాద్ సంస్థానం ఒప్పుకుంది. 1931-32లో హైదరాబాద్ స్టేట్ ఆర్నిథలాజికల్ సర్వే జరిగింది. ఆయన సంస్థానాల్లో చేసిన సర్వేల వరుసలో మొదటిది ఇదే. తిరువాన్కూరు, కొచ్చిన్ తర్వాతే. ఆదిలాబాద్ అడవులు, అమ్రాబాద్ పీఠభూమి, మరాఠ్వాడా మెట్టలు, ఇలా సంస్థానమంతా గుడారం వేసుకుంటూ తిరిగారు. ఇంగ్లండులో చదువుకున్న తెహ్మీనా ఆ గుడారాల కాపురాన్ని ఇష్టంగా చేశారు. ఏ పక్షి, ఏ తేదీన, ఏ ఊరి దగ్గర, ఎలాంటి చోట కనిపించిందో ప్రతిదీ నోట్‌బుక్కులోకి ఎక్కేది. సర్వే ఫలితాలు సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. తొంభై ఏళ్ల కిందట తెలంగాణలో ఏమున్నదో, ఇప్పుడేం పోయిందో తెలుసుకోవాలంటే పరిశోధకులు మొదట తెరిచేది వాటినే. 1939లో తెహ్మీనా చనిపోయారు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

1941లో ఆయన రాసిన ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వచ్చింది. డెహ్రాడూన్ జైల్లో ఉన్న నెహ్రూ ఆ పుస్తకాన్ని కూతురు ఇందిరకు అందేలా చూశారు. ఇది పిట్టకథలా అనిపించవచ్చు. నలభై ఏళ్ల తర్వాత కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే జల విద్యుత్ ప్రాజెక్టు వచ్చినప్పుడు, దానిమీద బడి పంతుళ్లు, కవులు, శాస్త్ర సాహిత్య పరిషత్ కార్యకర్తలు ఊరూరా ఉద్యమం చేసినప్పుడు, ప్రధానిగా ఉన్నది ఆ కూతురే. సలీం అలీ కూడా ఆ అడవి కోసం గొంతు కలిపారు. ప్రాజెక్టు ఆగింది. 1984లో సైలెంట్ వ్యాలీ జాతీయ పార్కు అయింది.

అయితే ఆయన చెప్పిందల్లా ఒప్పు కాలేదు. దీన్ని దాటేసి ఆయన జీవితం చెప్పడం నాకిష్టం లేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేల ఒకప్పుడు మహారాజుల బాతుల వేట స్థలం. దాన్ని ఎండగట్టి పొలాలు చేయాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు అడ్డుపడి కాపాడినవారిలో సలీం అలీ ముఖ్యులు. 1980ల ఆరంభంలో అది జాతీయ పార్కు అయ్యాక, చుట్టుపక్కల ఊళ్ల గేదెలు లోపల మేయకూడదని 1982లో నిషేధం పెట్టారు. గేదెలు పక్షులకు చేటు అన్న అభిప్రాయం ఆయనదీ. తరతరాలుగా మేపుకుంటున్నవాళ్లు ఎదురు తిరిగారు. పోలీసు కాల్పుల్లో గ్రామస్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ఏం జరిగిందంటే, మేసేవి లేక గడ్డి విపరీతంగా పెరిగి నీళ్లను కమ్మేసింది. పక్షులకు దిగే చోటు తగ్గింది. గేదెలు మేయడం వల్లే ఇన్నాళ్లూ నీళ్లు తెరిపిగా ఉన్నాయని తేల్చింది మరెవరో కాదు, సలీం అలీ జీవితమంతా పనిచేసిన సొసైటీయే. పదేళ్ల పరిశీలన మీద వచ్చిన ఆ నివేదికను చూడటానికి ఆయన లేరు. తాము తప్పనుకున్నదాన్ని లెక్కలతో సహా బయటపెట్టే అలవాటును ఆ సంస్థకు నేర్పినవారిలో ఆయనా ఒకరన్నది మాత్రం నిజం.

ఊరివాళ్లు కాపలా ఉంటే ఏమవుతుందో చూడటానికి మనం రాజస్థాన్ వెళ్లక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఇళ్ల మధ్య చెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెడతాయి. అవి వస్తే ఊరికి మంచిదని నమ్మకం. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులోనూ అంతే, ఊరే వాటికి కాపలా. పత్రికలు వీటిని సైబీరియా పక్షులని రాస్తుంటాయి. కాదు, ఈ రెండూ మన ఉపఖండంలోనే ఉండే పక్షులు. సలీం అలీ పుస్తకం ఒక్కటి బల్ల మీద ఉంటే ఆ వార్త అలా అచ్చయ్యేది కాదు.

ఇక మన సికింద్రాబాద్ వైపు. సఫిల్‌గూడ, కాప్రా, ఆర్.కె. పురం చెరువుల కోసం కాలనీవాళ్లు ఏళ్లుగా అర్జీలు పెడుతున్నారు, ఆదివారాలు చేతులకు గ్లౌజులు తొడుక్కుని చెత్త ఎత్తుతున్నారు. మీలో కొందరు ఆ గుంపుల్లో ఉండే ఉంటారు. భరత్‌పూర్ కథ మీకు పనికొస్తుంది. గుర్రపుడెక్కను ఎంత పీకినా మళ్లీ ఎందుకు కమ్మేస్తుందంటే, దానికి తిండి మన డ్రైనేజీ నీళ్లే. మురుగు చెరువులో కలవకుండా మళ్లించనిదే పీకుడు కూలి దండగ. రెండోది, శుభ్రం చేయడమంటే అంచులన్నీ రాతితో కట్టి, తుంగ మొత్తం కోసేసి, చుట్టూ లైట్లు పెట్టడం కాదు. నామాల కోడి ఆ తుంగలోనే గూడు పెడుతుంది. లకుముకి పిట్టకు గూటి కోసం మట్టి గట్టు కావాలి. చూడముచ్చటైన చెరువులో పక్షి లేకపోవచ్చు. వాకింగ్ ట్రాక్ ఒకవైపు వేసుకుని, రెండోవైపు అలాగే వదిలేయమని మీ కాలనీ సంఘం అడగవచ్చు. బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్లబావి 2022లో మళ్లీ తెరుచుకుంది కదా, అడిగేవాళ్లుంటే పని జరుగుతుంది.

లెక్క కూడా కావాలి. జంట నగరాల్లో 1980 నుంచి పక్షి ప్రేమికుల సంఘం ఒకటి పనిచేస్తోంది. ఇప్పుడు దాని పేరు డెక్కన్ బర్డర్స్. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పక్షుల లెక్కింపు జరుగుతుంది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనిపించిన పక్షులను ఈబర్డ్‌లో నమోదు చేస్తే చాలు. పిల్లలు పేర్లు తప్పు చెబుతారు, ఫర్వాలేదు. తేదీ, చోటు, ఎన్ని కనిపించాయన్నవి సరిగా రాయించండి. సలీం అలీ గుడారంలో కూర్చుని రాసుకున్నదీ అదే.

ఆయన చివరి ఏళ్లు తీరిక లేకుండానే గడిచాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్. డిల్లన్ రిప్లీతో కలిసి భారత ఉపఖండ పక్షుల మీద పది సంపుటాలు పూర్తి చేశారు. పాల్ గెట్టీ బహుమతి సొమ్ములో ఎక్కువ భాగం సొసైటీకే ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడాది ఆత్మకథ వచ్చింది. దానికి ఆయన పెట్టిన పేరులో పదేళ్లప్పుడు రాలిన ఆ పిచ్చుకే ఉంది.

తెలుగు నేల నుంచి ఆయనకు అందిన ఆఖరి పెద్ద వార్త 1986 జనవరిలోది. కలివి కోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అందరూ అనుకున్నారు. సలీం అలీ సంస్థ మనుషులు బొమ్మలు పట్టుకుని కడప జిల్లా పల్లెల్లో తిరిగి అడిగారు. ఊళ్లోవాళ్లకు ఆ పక్షి తెలుసు, పేరు కూడా తెలుసు. కలివి పొదల్లో రాత్రిపూట తిరిగే కోడి కాబట్టి కలివి కోడి. స్థానిక వేటగాడొకడు చీకట్లో దీపం వేసుకుని వెళ్లి ప్రాణంతో పట్టుకొచ్చాడు. ఎనభై ఆరేళ్లు పుస్తకాల్లో లేని పక్షి, ఆ పొదల పక్కన పశువులు మేపుకునేవాళ్ల మాటల్లో ఉంటూనే వచ్చింది. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. తెలుగుగంగ కాలువ దారిని కూడా కొంత మార్చారు. సలీం అలీ 1987లో, తొంభై ఏళ్ల వయసులో, బొంబాయిలో కన్నుమూశారు.