ఉత్తరాల కోసం ప్రభుత్వంతో పోటీపడిన లైసాండర్ స్పూనర్

ఈనాడు మనం ఉత్తరం పంపాలంటే పోస్టాఫీసుకు వెళ్ళవచ్చు, లేదా వీధి చివరనున్న కొరియర్ దుకాణానికి వెళ్ళవచ్చు. ఒకప్పుడు చాలా దేశాలలో ఈ వీలు లేదు. డబ్బు తీసుకొని ఉత్తరాలు చేరవేసే హక్కును ప్రభుత్వాలు తమకే ఉంచుకున్నాయి. అమెరికాలో ఆ చట్టాన్ని బాహాటంగా ప్రశ్నించిన న్యాయవాది లైసాండర్ స్పూనర్. ఆయన జీవితాన్ని మా తోటి విద్యార్థులకు పరిచయం చేయాలనుకున్నాము.

స్పూనర్ 1808 జనవరి 19న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆథోల్‌లో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. 25 ఏళ్ళు వచ్చేవరకు తండ్రి పొలంలోనే పనిచేశాడు. తరువాత వూస్టర్ పట్టణానికి వెళ్ళి పేరున్న న్యాయవాదుల దగ్గర న్యాయశాస్త్రం నేర్చుకున్నాడు. అప్పటి నిబంధన ప్రకారం కాలేజీలో చదివినవారు మూడేళ్ళు, చదవనివారు ఐదేళ్ళు శిక్షణ పొందాలి. కాలేజీ చదువుకు డబ్బులేని పేదలకే ఎక్కువ కాలం ఎందుకు అన్నది ఆయన ప్రశ్న. ఐదేళ్ళు నిండకుండానే వకీలుగా బోర్డు పెట్టి, శాసనసభకు విన్నవించుకున్నాడు. 1836లో ఆ నిబంధన రద్దయింది.

ఆ తరువాత ఆయన దృష్టి తపాలా మీద పడింది. ఆ రోజుల్లో అమెరికాలో ఉత్తరం ఖరీదైన వ్యవహారం. దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి రుసుము ఉండేది. బోస్టన్ నుంచి న్యూయార్క్‌కు ఒక్క కాగితం పంపితే 18.75 సెంట్లు. రెండు కాగితాలైతే రెట్టింపు. సాధారణంగా ఆ డబ్బు ఉత్తరం అందుకునేవారే చెల్లించేవారు. అదే కాలంలో, 1840లో, ఇంగ్లండులో రోలండ్ హిల్ కృషి వల్ల ఒక్క పెన్నీకే దేశమంతా ఉత్తరం వెళ్ళసాగింది. అది చూసి అమెరికా ప్రజలు కూడా చౌక తపాలా కావాలని అడగసాగారు.

1844లో స్పూనర్ అమెరికన్ లెటర్ మెయిల్ కంపెనీని స్థాపించాడు. బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ నగరాల మధ్య రైళ్ళలోనూ ఆవిరి పడవలలోనూ తన మనుషులతో ఉత్తరాలు పంపించాడు. అర ఔన్సు బరువుకు 6.25 సెంట్లు తీసుకున్నాడు. ఒకేసారి కొంటే డాలరుకు 20 స్టాంపులు, అంటే ఉత్తరానికి 5 సెంట్లే. ఈ పని ఆయన చాటుగా చేయలేదు. తన ఉద్దేశాన్ని పోస్టుమాస్టర్ జనరల్‌కు ముందే రాసి తెలిపాడు. తపాలా కార్యాలయాలు నెలకొల్పే అధికారాన్ని రాజ్యాంగం కాంగ్రెసుకు ఇచ్చింది కానీ, ఇతరులను ఆపే అధికారం ఇవ్వలేదని ఒక చిన్న పుస్తకం రాసి వాదించాడు.

ప్రభుత్వం ఊరుకోలేదు. ఉత్తరాలు మోసే మనుషుల మీద కేసులు పెట్టింది. వాటి ఖర్చు భరించే స్తోమత స్పూనర్‌కు లేదు. కంపెనీ ఎక్కువ కాలం నిలవలేదు. అయితే ప్రైవేటు తపాలాల పోటీని, ప్రజల కోరికను కాంగ్రెసు పట్టించుకోక తప్పలేదు. 1845 చట్టం ఒక చేత్తో ప్రైవేటు తపాలాలపై ఆంక్షలను బిగించింది, మరో చేత్తో ధర తగ్గించింది. 300 మైళ్ళలోపు అర ఔన్సు ఉత్తరానికి 5 సెంట్లే అయింది. 1851లో, ముందుగా చెల్లిస్తే, 3,000 మైళ్ళ వరకు 3 సెంట్లకు దిగింది. కంపెనీ ఓడిపోయింది, ఉత్తరం రాసేవారు గెలిచారు.

ప్రభుత్వం వైపు కూడా ఒక న్యాయం ఉందని మాకు అనిపించింది. స్పూనర్ సేవ పెద్ద నగరాల మధ్యే నడిచింది. అక్కడ ఉత్తరాలు ఎక్కువ, ఖర్చు తక్కువ. దూరాన ఉన్న చిన్న పల్లెకు నాలుగు ఉత్తరాలు మోసుకెళ్ళే భారం ప్రభుత్వ తపాలాదే. లాభం వచ్చే దారులన్నీ ఇతరులు తీసుకుంటే ఆ పల్లె దారికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్న నేటికీ అన్ని దేశాలలో ఉంది.

స్పూనర్ అక్కడితో ఆగలేదు. 1845లో బానిసత్వానికి రాజ్యాంగంలో చోటు లేదని వాదిస్తూ పుస్తకం ప్రచురించాడు. బానిసత్వం నుంచి తప్పించుకొని మహావక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ ఆలోచనపై కూడా ఆ వాదన ప్రభావం చూపింది. జీవితమంతా డబ్బుకు ఇబ్బంది పడుతూనే రాసిన స్పూనర్ 1887 మే 14న బోస్టన్‌లో కన్నుమూశాడు.

మన దేశంలో కూడా 1837 చట్టం కంపెనీ పాలనలోని ప్రాంతాలలో ఉత్తరాలు చేరవేసే హక్కును ప్రభుత్వానికే ఇచ్చింది. 1898 చట్టం కూడా ఆ హక్కును నిలిపింది. 2023 పోస్టాఫీసు చట్టంలో ఉత్తరాల మీద ఆ ప్రత్యేక హక్కు లేదు, స్టాంపులు జారీచేసే హక్కు మాత్రం తపాలా శాఖదే. కొరియర్లు ఎన్ని వచ్చినా మన దేశంలో పోస్టాఫీసులలో అత్యధికం పల్లెల్లోనే ఉన్నాయి.

చట్టం తప్పని తోచినప్పుడు దొంగచాటుగా తప్పించుకోవడం సులువు. పేరు చెప్పి, కారణం రాసి, కష్టనష్టాలకు సిద్ధపడి ప్రశ్నించడం కష్టం. స్పూనర్ ఆ కష్టమైన దారిని ఎంచుకున్నాడు. అందుకే ఆయన జీవితం మనకు ఆదర్శం.