సర్ ఆర్థరు కాటను: నీటి రాకయు నీటి పోకయు

కోనసీమ గ్రామములలో రెండు విధముల కాలువలు గలవు. ఒకటి పంట కాలువ, రెండవది మురుగు కాలువ. మొదటిదానికి నీరు వదలిన దినమున పసుపు కుంకుమలు చల్లి నమస్కరింతుము; రెండవదాని గట్టున నడువవలసివచ్చినచో ముక్కు మూసికొని సాగిపోదుము. ఈ రెండును ఒక శరీరమునందలి ఉచ్ఛ్వాస నిశ్శ్వాసములవంటివి. ఒకటి నిలిచిన రెండవది యుండనేరదు. ఈ సత్యము నెరిగి పనిచేసిన మహనీయుడు సర్ ఆర్థరు థామస్ కాటను. ఆయన విగ్రహములు గోదావరీ తీరమున ఊరూర గానవచ్చుచున్నవి. ధవళేశ్వరపు టానకట్టను గట్టినది ఆయనయేయని బాలురు సైతము చెప్పగలరు. అయినను ఆయన బోధించిన దానిలో సగము మాత్రమే మనము గ్రహించితిమి. తక్కిన సగమును జ్ఞాపకము చేయుటకే ఈ చరిత్రమును సంగ్రహముగా వ్రాయబూనితిని.

కాటను 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండునందు జన్మించెను. తండ్రి పేరు హెన్రీ కాల్వెలీ కాటను. పదునొకండుగురు కుమారులుగల ఆ గృహమున ఈయన పదవవాడు. అట్టి పెద్ద కుటుంబమున పుట్టినవాడు చిన్ననాటనే తన జీవనమార్గమును వెదకికొనక తప్పదు గదా. పదునైదవయేట ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబు సైనిక విద్యాలయమున చేరి, 1819లో ఇంజనీరు దళమున పదవి నొంది, 1821లో మద్రాసు చేరెను. అప్పటికి ఆయనకు పదునెనిమిదేండ్లు. తొలుత పాంబను జలసంధిని పరిశీలించు పనియందును, దక్షిణ మండలములలోని చెరువుల మరమ్మతులయందును నియుక్తుడయ్యెను. 1824 మొదలు 1826 వరకు జరిగిన బర్మా యుద్ధమునందును పాల్గొనెను. అటుపిమ్మట ఆయన విధి కావేరీ నదితో ముడిపడెను.

తంజావూరు సీమకు ప్రాణాధారమైన కావేరి నీరు నానాటికి కొల్లడమను పాయలోనికి జారిపోవుచుండగా, ఆ పాయకు అడ్డముగా రెండు ఆనకట్టలను 1836 మొదలు ఆయన నిర్మింపజేసెను. తంజావూరు పొలములు తిరిగి పచ్చబడెను. ఆ పనికంటె విలువైనది ఆయన అచ్చట నేర్చిన పాఠము. చోళుల కాలమున గట్టబడిన కల్లణై యను ప్రాచీనపు టానకట్ట ఇసుక నేలమీదనే శతాబ్దములుగా నిలిచియుండుట ఆయన కన్నులార గాంచెను. రాతిపునాది దొరకని చోటను రాళ్ల బరువుచేతనే కట్టడమును నిలుపవచ్చునని ఈ దేశపు పూర్వ శిల్పులే తనకు నేర్పిరని ఆయన సంకోచింపక ఒప్పుకొనెను. పాలకజాతికి చెందిన అధికారి పాలితులను గురువులుగా నంగీకరించుట ఆ కాలమున సామాన్య విషయము కాదు. విద్యయందు వినయము మొదటి లక్షణమని మన పెద్దలు చెప్పిన మాటకు ఆయన నిదర్శనము.

ఇక మన సీమ స్థితి. గోదావరి గుమ్మము ముందు ప్రవహించుచుండగా జనులు ఆకటిచే మాడుచుండిరి. 1832-33లో వచ్చిన నందన కరువు ఊళ్లను తుడిచిపెట్టెను. 1839 నవంబరులో ఉప్పెన కోరంగి రేవును ముంచివైచెను. రాజమహేంద్రవర మండలమున 1821లో సుమారు 7,38,000 జనులుండగా 1841 నాటికి సుమారు 5,61,000 మాత్రమే మిగిలిరి. ఇరువదేండ్లలో నలుగురిలో ఒకడు లోపించెనన్నమాట. వర్షము లేనియేడు పైరెండిపోవును. వరద వచ్చినయేడు పైరు కొట్టుకొనిపోవును. శిస్తు రాబడి తగ్గుట చూచి కలవరపడిన ప్రభుత్వము 1843లో సర్ హెన్రీ మాంట్‌గోమరీని విచారణకు పంపెను. ఆయన ఈ మండలమునకు సమర్థుడైన ఇంజనీరు కావలయునని నివేదించెను. ఆ పనికి కాటను ఎన్నుకొనబడెను. కంపెనీవారిని కదలించినది శిస్తు నష్టమేయైనను, కాటనును కదలించినది జనుల దుస్థితియని ఆయన నివేదికలు చదివినవారికి తోచకమానదు.

ఆయన గుఱ్ఱమెక్కియు కాలినడకను మన డెల్టా నలుమూలలు తిరిగి, 1844, 1845 సంవత్సరములలో నివేదికల నర్పించెను. వానియందు ఆయన కోరినది ఆనకట్ట నొక్కదానినే కాదు. ఇట్టి సీమ బాగుపడవలెనన్న నాలుగంగములు కావలెనని ఆయన తలంపు. నదీ వరదనుండి గట్లచే రక్షణ మొదటిది. పొలములకు నీటి సరఫరా రెండవది. పొలములందు నిలిచిన వాననీరు బయటికి పోవుట మూడవది. పండిన పంట అంగడి చేరుటకు రహదారులును వంతెనలును పడవ మార్గములును నాలుగవది. ఈ నాలుగును కూడియున్నప్పుడే ఆ యోజన సంపూర్ణము. మనము రెండవయంగమును శిరమున దాల్చి, మూడవయంగమును మరచితిమి.

1846లో లండనునందలి డైరెక్టర్లు అనుమతి నొసంగగా 1847లో పని యారంభమయ్యెను. ధవళేశ్వరమువద్ద నది పాయలుగా విడిపోవుచు నడుమ లంకలను గలిగియుండుట చేత ఆనకట్టను ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా గట్టవలసివచ్చెను. నాలుగింటి నిడివి కలిపి రెండు మైళ్లకు పైబడును. నదీగర్భమంతయు ఇసుక. సమీపపు కొండలనుండి రాయి పగులగొట్టి, పట్టాలమీద బండ్లతో దొర్లించి, పడవలతో చేరవేసి, వేలకొలది కూలీలు వేసవి యెండలో శ్రమించిరి. కూలీలను సమకూర్చుటయందును పని నడిపించుటయందును వీణం వీరన్నయను తెలుగు ఉద్యోగి కాటనునకు కుడిభుజమై నిలిచెను. ఆ కూలీల పేర్లు ఏ శిలమీదను లేవు. కాని ఆనకట్టలోని ప్రతి రాయియు వారి భుజము నెరిగినదే.

నడుమ 1848లో కాటను ఆరోగ్యము చెడి సెలవుమీద ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. ఆ కాలమున కాప్టెన్ ఓర్ పనిని సాగించెను. 1850లో కాటను తిరిగివచ్చి పనిని తుదముట్టించెను. 1852 నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను. అయిదేండ్లలో గోదావరి వంటి నదికి కళ్లెము వేయుట నేటి యంత్రములుగల దినములలోను సామాన్యము కాదు.

మన కోనసీమకు ఆయన చేసిన మేలు ప్రత్యేకముగా చెప్పదగినది. గౌతమీ వసిష్ఠల నడుమనున్న మధ్య డెల్టాకు బొబ్బర్లంకవద్ద తలతూము ఏర్పడెను. అచ్చటనుండి వచ్చు కాలువ లొల్ల లాకులవద్ద విడివడి అమలాపురమువైపునకును గన్నవరమువైపునకును పారుచున్నది. కాని వైనతేయ పాయకు ఆవలనున్న నగరము సీమకు, అనగా నేటి రాజోలు ప్రాంతమునకు, నీరెట్లు పోవలెను? నదిని దాటించి నీటిని తీసికొనిపోవుటయే మార్గము. గన్నవరమువద్ద నలువదియడుగుల వెడల్పుగల కమానులు నలువదితొమ్మిదింటిపై ఒక కాలువను నదిమీదుగా నడిపించిరి. లెఫ్టినెంటు హేగు అను యువ ఇంజనీరు దీనిని నిర్మించెను. క్రింద నది, పైన కాలువ, ఆ కాలువలో పడవ, చూచినవారు అబ్బురపడిరి. నూటయేబది సంవత్సరములకు దగ్గరగా అది సేవ చేసిన పిమ్మట, దాని ప్రక్కనే గట్టిన క్రొత్త అక్విడక్టు 2000వ సంవత్సరమున వాడుకలోనికి వచ్చెను. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుట మిక్కిలి సముచితము. ఆకలిగొన్నవానికి అన్నమిడిన తల్లి పేరు, అన్నమునకు మూలమైన నీటిని మోయు కట్టడమునకు దక్కినది.

నీరు వచ్చినది. మరి పోవుటెట్లు? ఈ సంగతి కొంత వివరింపవలసియున్నది. నది తెచ్చిన ఒండ్రు ముందుగా తన ఒడ్డుననే పడును. కావున డెల్టాలో ఏటిగట్టు ప్రక్కనున్న నేల మెరక. దూరము పోయినకొలది పల్లము. పంట కాలువ మెరకమీద నడచును, నీరు రెండువైపుల జారి పొలములకు పారుటకు. మురుగు కాలువ పల్లమున నడచును, పొలములు విడిచిన నీటిని చేర్చుకొని సముద్రమునకు మోయుటకు. కాని మన నేల వాలు మైలునకు ఒక అడుగునకు అటునిటుగా మాత్రమే. అంత స్వల్పమైన వాలులో ఒక మూరెడు పూడిక పేరుకొన్నను, ఒక వంతెన క్రింద గుర్రపు డెక్క అల్లుకొన్నను, పైనున్న పది గ్రామముల నీరు వెనుకకు తన్నును. సముద్రపు పోటు సమయమున మురుగు అసలే కదలదు. ఆటు వచ్చినప్పుడు లభించు కొలది గంటలలోనే అది పోవలెను. మొగవద్ద ఇసుక మేటవేసినచో ఆ కొలది గంటలును వ్యర్థము. తూముల తలుపులు చెడినచో సముద్రపు ఉప్పునీరే ఎదురెక్కి వచ్చును. కనుకనే మురుగు కాలువ తవ్వి విడుచునది కాదు, ఏటేట బాగుచేయవలసినది.

సప్త గోదావరులలో తుల్య, ఆత్రేయ, కౌశిక మున్నగు పాయలకు మన పూర్వులు ఋషుల పేర్లు పెట్టిరి. నేడు తుల్యభాగయు కౌశికయు మురుగు కాలువలుగా వాడబడుచున్నవి. మహర్షి పేరు వహించిన జలమున ఇంటి చెత్తయు పేటల మురుగును త్రోయుచు, ఆ ఋషులకే సంధ్యావందనమున నమస్కరించుట మనకు తగునా?

కాటను తరువాతి జీవితమును క్లుప్తముగా జెప్పెదను. మద్రాసు రాజధానికి ముఖ్య ఇంజనీరై పలు పనులు సాగించి, 1861లో సర్ బిరుదము నొంది, స్వదేశము చేరెను. ఇనుపదారులకంటె నీటిదారులే ఈ దేశమునకు ముందుగా కావలెననియు, నదులను కాలువలచే కలుపవలెననియు ఆయన పట్టుబట్టెను. అందువలన ఆయనకు విరోధులును లేకపోలేదు. 1878లో, డెబ్బదియైదేండ్ల వయసున, పార్లమెంటు విచారణ సంఘము ముందు నిలిచి తన పక్షమును సమర్థించుకొనవలసివచ్చెను. 1876-78 మహాక్షామమున దక్షిణ దేశమంతయు తల్లడిల్లినప్పుడు గోదావరీ డెల్టాలో పంట నిలిచియుండుటయే ఆయన పక్షమున గొప్ప సాక్ష్యము. ముదిమియందు డార్కింగు పట్టణమున నివసించుచు తన తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ నధికముగా పండించు ప్రయోగములు చేయుచుండెను. 1899 జూలై 24న, తొంబదియారవయేట, అచ్చటనే పరమపదించెను. ఆయన కట్టిన ఆనకట్ట స్థానమున 1982లో పూర్తియైన క్రొత్త బారేజికి ఆయన పేరే పెట్టబడినది. సుమారు పది లక్షల ఎకరములు నేడు దాని నీటిచే పండుచున్నవి.

ఆయన పోయినవెనుక మూడవయంగము సంగతియేమి? డెల్టా మురుగు సమస్యను 1960వ దశకమున మిత్రా సంఘము పరిశీలించెను. 1968లో కృష్ణా, గోదావరీ డెల్టాలకు మురుగు సుంకపు చట్టము వచ్చెను. పనులు కొన్ని జరిగినవి. పూడిక మరల చేరినది. 1986 ఆగస్టు వరదయు, 1996 నవంబరు తుపానును కోనసీమను ముంచినప్పుడు నీరెంత వేగముగా వచ్చెనో అందరెరుగుదురు. అది ఎంత నెమ్మదిగా పోయెనో పల్లపు పొలములవారికి ఇంకను బాగుగా తెలియును. 2011లో సార్వా పంట వేయము అని మన రైతులు పంట విరామము ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతోపాటు ముంపు బాధయు వారి కారణములలో నుండెను. అన్నదాత తనంత తానై నాగలి దించుట ఈ సీమలో అపూర్వము. రాజోలు ప్రాంతమున శంకరగుప్తము మురుగు కాలువ గుండ ఉప్పునీరెక్కి, తరతరములుగా కాచిన కొబ్బరిచెట్లు మోడువారుట ఇటీవలి కథ. నీటికి పోవుదారి చెడినచోట సముద్రము లోనికి వచ్చును.

గోదావరీ స్నానమునకు కారకుడైన భగీరథుడని కాటనును సంకల్పమున స్మరించు వైదికులు మన మండలమున నుండిరని పెద్దల వాక్కు. ఒక విదేశీయుని, అన్యమతస్థుని, నిత్యకర్మలో తలచిన ఆ కృతజ్ఞత మన పూర్వుల హృదయ వైశాల్యమునకు గుర్తు. కాని భగీరథుడు గంగను దివినుండి భువికి దింపి అంతటితో నూరకుండలేదు. ముందు తాను నడచి, దారి చూపి, సాగరము వరకు తీసికొనిపోయెను. గంగ సాగరము చేరినప్పుడే సగరపుత్రులకు సద్గతి కలిగెను. నీటిని తెచ్చి నడుమ విడిచినవాడు భగీరథుడు కాజాలడు.

సోదరులారా, ఈ మహాసభకు మనము ఒక కులమువారమై చేరితిమి. మన విద్యార్థులకు వేతనములు, మన వృద్ధులకు ఆశ్రయము ఆలోచించుట మంచిదే. అయితే మురుగు కాలువకు కులము తెలియదు. మెరకవాని పొలపు నీరు పల్లపువాని పొలముమీదుగానే పోవలెను. ఒక వీధివారు తమ ముంగిట కాలువను కప్పి అరుగు కట్టినచో, వెనుక వీధివారి ఇంటిలో నీరు నిలుచును. కాలువ గట్టు ఒకడాక్రమించినచో పది గ్రామములు మునుగును. కావున ఈ పని ఏ సంఘమును ఒంటరిగా చేయజాలదు. ప్రక్క సంఘమువారిని పిలువక తప్పదు. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వమును అడుగుదము: మొగలు తెరచుట, తూముల తలుపులు సరిచేయుట, పెద్ద కాలువల పూడిక తీయుట. మనము చేయదగినది మనము చేయుదము: వేసవి ముగియకముందే మన ఊరి బోదెలోని డెక్క తీయుట, ఆక్రమించిన గట్టును మనవారే ముందుగా విడుచుట. ఏటేట కాటను విగ్రహమునకు పూలమాల వేయు చేతులతోనే ఒక్కదినము పలుగు పార పట్టినచో, ఆ మహనీయుని ఋణములో మిగిలిన సగమును తీర్చినవారమగుదుము.