గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు: చేతికందని పట్టము

పట్టములలో నెల్ల కష్టసాధ్యమైనది ఏది యను చర్చ మన యువకులలో తఱచుగ వినవచ్చుచుండును. చార్టర్డు అకౌంటెంటు పరీక్ష యని కొందఱు, వైద్యమునందలి ఉన్నత పట్టమని కొందఱు చెప్పుదురు. లక్షలమంది దరఖాస్తు పెట్టగా వేయిమందికి అటునిటుగ స్థానము దొరకు సివిలు సర్వీసు పరీక్షయే యని మఱికొందఱు వాదింతురు. అన్నియు కష్టములే. మన కర్నూలు గడ్డపై జనించిన యొక మహనీయుని చరిత్రము ఈ ప్రశ్నకు వేఱొక సమాధానము నొసగుచున్నదని తలంచి, దానిని సంగ్రహముగ పాఠక మహాశయులకు సమర్పించుచున్నాము. ఇట్టివారిని ఏదో యొక శాఖవారి సొత్తుగ నెంచుట తగదు, వారు అందఱివారు.

హరిసర్వోత్తమరావుగారు 1883వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన కర్నూలునందు జన్మించిరి. కలిమిగల కుటుంబము కాదు. కర్నూలు, గుత్తి, నంద్యాలలయందు చదివి, విద్యార్థి వేతనముల యాధారముతో చెన్నపట్టణము చేరి, 1906లో క్రిస్టియను కళాశాలనుండి ఎం.ఏ. పట్టమును గడించిరి. ఆ దినములలో మెట్రిక్యులేషను దాటుటయే యింటికి గౌరవము. ఎఫ్.ఏ. వద్ద నిలిచిపోయినవా రనేకులు. బి.ఏ. తప్పినవారు సయితము తప్పితిమని చెప్పుకొనియే కొలువు సంపాదించుచుండిరి. అట్టి కాలమున ఎం.ఏ. యనిన ఎంత శ్రమయో ఊహింపవచ్చును.

పిమ్మట ఉపాధ్యాయవృత్తి నభిలషించి వారు రాజమహేంద్రవరమందలి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరిరి. పట్టభద్రులైనవా రచట ఎల్.టి. యను యోగ్యతాపట్టము కొఱకు చదువుచుండిరి. ఎం.ఏ. నెగ్గినవారికి అది యంత గడ్డుపరీక్ష కాదు. అది చేత నున్నచో సర్కారు పాఠశాలలో ఉద్యోగము, నెలజీతము, ఇంటికి నిశ్చింత. అయితే 1907 ఏప్రిలులో బిపిన చంద్రపాలుగారు రాజమహేంద్రవరమున కేతెంచి ఉపన్యసించిరి. విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించి కళాశాలకు వచ్చిరి. కళాశాలాధ్యక్షుడగు మార్కు హంటరు దొర ఆగ్రహించి హరిసర్వోత్తమరావుగారిని వెడలగొట్టెను. సర్కారు కొలువునకు అర్హత సయితము పోయెను. అంతటి ఎం.ఏ. సాధించినవారికి ఆ చిన్న పట్టము దక్కలేదు. దానికి చెల్లింపవలసిన వెల ఆత్మగౌరవము. ఆ వెల వా రీయలేదు.

1908లో వారు బెజవాడనుండి స్వరాజ్య పత్రికను నడపిరి. తిరునల్వేలి కాల్పులను గూర్చిన వ్రాతకు రాజద్రోహ నేరము మోపబడి, మూడేండ్ల కఠిన శిక్ష ననుభవించిరి. విడుదలయైన పిదప ఆంధ్రపత్రికలో పనిచేసిరి. గ్రంథాలయోద్యమమునకు నాయకులై పల్లెపల్లెకు పుస్తకము చేరవలెనని పాటుపడిరి. వయోజన విద్యను తమ వ్రతముగ గైకొనిరి. ఉపాధ్యాయుడగుటకు యోగ్యత లేదని బడినుండి వెడలింపబడినవారే, బడిమొగ మెఱుగని పెద్దలకు అక్షరము లందించు గురువులైరి. 1960 ఫిబ్రవరి 29వ తేదీన పరమపదించిరి.

పట్టములు వ్యర్థములని చెప్పుట మా యుద్దేశము కాదు. పరుల సాయమే లేకున్న ఆ ఎం.ఏ. యు వారికి దక్కెడిది కాదు. పరీక్ష యొక్క కాఠిన్యమును ప్రశ్నపత్రమును బట్టి మాత్రమే కొలువరాదని మా మనవి. అది చదువువానినుండి ఏమి అడుగుచున్నదో చూడవలెను. మన దేవనకొండ, ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములయందు వానలు తప్పిన యేడు తల్లిదండ్రులు మూటముల్లె కట్టుకొని గుంటూరు వైపు మిరప కోతలకు పోవుదురు. వారి వెంట బిడ్డలు పోవుదురు. పలక యింటనే యుండును. అట్టి బిడ్డకు పదవ తరగతి పరీక్షయే సివిలు సర్వీసు పరీక్షకంటె కఠినమైనది. తల్లిదండ్రులు మరలి వచ్చువఱకు ఆ బిడ్డకు రెండుపూటల అన్నము, పండుకొన చోటు, చదువుకొన దీపము కల్పింపగలిగినచో ఆ కాఠిన్యము సగము తీరును. ఈ మహాసభకు విచ్చేసిన పోషకులు తమ విరాళముల నీ కార్యమునకు ముందుగ కేటాయింప ప్రార్థించుచున్నాము.