జూలై 11 – ఇంజనీరు నవాబు గారి రోజు

సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య గారి పేరిట ఇంజనీర్ల దినం ఉండగా జూలై 11న మన రాష్ట్రానికి మరొకటి ఎందుకని అడిగే సభ్యులు నేటికీ ఉన్నారు. వారి కోసం ఈ నాలుగు మాటలు.

మీర్ అహ్మద్ అలీ 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. నిజాం కాలేజీలో చదివి, 1896లో సర్కారు ఉపకార వేతనంపై ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కాలేజీకి వెళ్ళారు. 1899లో పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరి, 1918 నాటికి చీఫ్ ఇంజనీరు అయ్యారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అన్నది నిజాం ఇచ్చిన బిరుదు. బతుకంతా మాత్రం మనలాగే నౌకరీ.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరంలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ వరదకు అడ్డుకట్ట వేసే ప్రణాళిక విశ్వేశ్వరయ్య గారిది. దాని ఫలంగా వచ్చిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) నిర్మాణాల్లో నవాజ్ జంగ్ గారి పాత్ర పెద్దది. కనుక ఈ ఇద్దరినీ పోటీ పెట్టడం సరికాదని నా అభిప్రాయం.

ఆయన పేరు నిలిపినది మంజీరపై నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయింది. రెండున్నర లక్షల ఎకరాలకు పైగా నీరందించేలా కట్టారు. ఆ నీటితో చెరకు పండింది, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. మనకు దగ్గరలోని పాలేరు, వైరా జలాశయాలు కూడా ఆయన హయాం పనులే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ పొలాలు తడిపి చేరేది ఆ పాలేరులోకే.

1938లో నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడినప్పుడు నదులు, నీటిపారుదల ఉపసంఘానికి ఆయననే అధ్యక్షుణ్ణి చేశారు. అప్పటికి వయసు అరవై దాటింది. పెన్షనర్ల సలహా ఎవరికి కావాలనే మన మిత్రులు ఈ సంగతి గమనించాలి!

1949లో కన్నుమూశారు. తరువాత అరవై ఏళ్ళకు పైగా శాఖవారి నోట తప్ప ఆ పేరు పెద్దగా వినపడలేదు. చెరువు నీరు తాగినవారికి చెరువు కట్టించినవారు గుర్తుండరు కదా. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడ్డాక, అదే సంవత్సరం ప్రభుత్వం ఆయన జన్మదినాన్ని తెలంగాణ ఇంజనీర్ల దినంగా ప్రకటించింది.

ఆ రోజు ఆఫీసుల్లో పటానికి దండవేసి, టీ తాగి వెళ్ళిపోతే పిల్లలకు ఏం తెలుస్తుంది? ఆయన ఎగువన కట్టడి చేసిన మూసీ కృష్ణలో కలిసేది మన దామరచర్ల మండలం వాడపల్లిలోనే. వచ్చే జూలై 11న మనుమలను అక్కడికి తీసుకువెళ్ళి, సంగమం చూపిస్తూ ఈ కథ చెప్పండి.