రోగాలపై సమరం సాగించిన విజ్ఞాని డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

వైద్యశాస్త్ర చరిత్రలో తెలుగువారి కీర్తిని చిరస్థాయిగా నిలిపిన మహనీయులలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యులు. వారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. విద్యార్థి దశలోనే తండ్రిని కోల్పోయారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవ పర్యాయం మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణులైనారు.

మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి ఆర్థిక సహాయంతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించడం ఆంగ్లేయుడైన ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. అనంతరం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

ఆ రోజులలోనే స్ప్రూ అనే గ్రహణి వ్యాధి వారి సోదరులను బలిగొన్నది. ఆ దుఃఖమే వారిని ఉష్ణమండల వ్యాధుల అధ్యయనానికి పురికొల్పింది. బంధుమిత్రుల తోడ్పాటుతో సముద్రాలు దాటి అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం చేరారు. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేస్తూ చదువు సాగించారు. ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వెలుగులోకి తెచ్చారు.

1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరి పరిశోధనలకు సారథ్యం వహించారు. వారి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికే అది ఔషధం కావడం విశేషం. వారి ఆధ్వర్యంలో రూపొందిన హెట్రజాన్ బోదకాలు వ్యాధికి మందైంది. నేటికీ బోదకాలు నిర్మూలన కార్యక్రమాలలో ఆ మందునే పంచుతున్నారు. టెట్రాసైక్లిన్ ఔషధాలలో మొదటిదైన ఆరియోమైసిన్ సైతం వారి పర్యవేక్షణలో వెలువడినదే.

కీర్తిని ఆశించక, తెర వెనుక నిలిచి పనిచేసిన ఆ విజ్ఞాని మరల స్వదేశం చూడకుండానే 1948 ఆగస్టు 8న న్యూయార్కులో కన్నుమూశారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం వారి స్మారక తపాలా బిళ్లను విడుదల చేసింది.

పరీక్షలో రెండు మార్లు తప్పిన బాలుడే లోకానికి ఔషధ ప్రదాత అయినాడు. ధర్మపురి వంటి ఊళ్లలో తెలుగు మాధ్యమాన చదివే బాలబాలికలకు, వారిని తీర్చిదిద్దే తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు వారి జీవితం ధైర్యమిచ్చే పాఠం. ఓటమి చదువుకు ముగింపు కాదు. పరుల బాధను తీర్చాలన్న తపనే విద్యకు సార్థకత.